తల్లి కాగితాలు బిడ్డ వెంట రావాలి

వేదికపై ఉన్న పెద్దలకు, ప్రసూతి వార్డు నుంచి, నవజాత శిశు విభాగం నుంచి వచ్చిన సిస్టర్లకు నమస్కారం. నవంబర్ 17 నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల దినం కాబట్టి నన్ను గణాంకాలు చెప్పమన్నారు. ఒక్కటే చెబుతాను: ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 37 వారాలు నిండకుండా పుట్టినవారు సుమారు 1 కోటి 34 లక్షల మంది, వారిలో 30 లక్షలకు పైగా మన దేశంలోనే. నేను నిజంగా మాట్లాడదలచినది మాత్రం కాన్పు తర్వాత బయటికి వచ్చే మాయ (ప్లాసెంటా) గురించి.

ఉమ్మనీటి సంచి ముందే పగిలి క్రిములు పైకి పాకినప్పుడు తల్లి ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ పెరుగుతుంది. దాని ప్రేరణతో కాలేయం సిఆర్‌పి (సి-రియాక్టివ్ ప్రోటీన్)ని రక్తంలోకి వదులుతుంది. ఆ ఇన్‌ఫ్లమేషన్, అంటే క్రిములపై ఒళ్లు చూపే ఆ ప్రతిస్పందన, బిడ్డకూ పాకితే బొడ్డుతాడు రక్తంలోనూ ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగుతుంది. అటువంటి బిడ్డలలో మెదడులోని తెల్లపదార్థం దెబ్బతినడం, ఊపిరితిత్తులు దెబ్బతిని వారాల తరబడి బయటి నుంచి ఆక్సిజన్ ఇవ్వాల్సి రావడం వంటి చిక్కులు ఎక్కువ.

అలాగని సిఆర్‌పి అంకె ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి. గర్భిణులలో అది మామూలుగానే కాస్త ఎక్కువ, పురిటి నొప్పులతోనూ పెరుగుతుంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత ఇన్‌ఫెక్షన్‌కు గుర్తుగా మనం చూసే తెల్లకణాల సంఖ్య కూడా పైకి పోతుంది. (ఆ ఇంజెక్షన్ విలువను లిగిన్స్, హోవీ అనే వైద్యులు న్యూజిలాండ్‌లో 1972లోనే చూపారు, ఇప్పటికీ దాన్ని ఆలస్యం చేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.) అందుకే అంకెతో పాటు రక్తం తీసిన సమయం, జ్వరం, ఉమ్మనీరు పోయిన గంట తెలియాలి.

బిడ్డలను చూసే మాకు అవే రావు. ఒక రాత్రి 28 వారాల బిడ్డను తెచ్చారు. కేస్ షీటులో తల్లి పేరు, రక్తం గ్రూపు తప్ప ఏమీ లేవు. ప్రసూతి వార్డుకు ఫోన్ చేసి, “సిస్టర్, మాయ ఉందా?” అని అడిగాను. “పసుపు సంచిలో వేసేశాం సార్, బండి కూడా వెళ్లిపోయింది” అన్నారు. ఆ మాయ పొరలలో, బొడ్డుతాడులో తెల్లకణాలు చేరాయో లేదో, అంటే ఇన్‌ఫ్లమేషన్ బిడ్డ దాకా పాకిందో లేదో, మైక్రోస్కోపు కింద తేలేది. ఆ సాక్ష్యాన్ని మనమే చెత్తబండి ఎక్కించాం.

సిస్టర్లూ, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. దాచమని మీకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. 34 వారాల లోపు కాన్పు అయితే మాయను పాడవకుండా ఫార్మలిన్ ద్రవం ఉన్న డబ్బాలో ఉంచండి, తల్లి వివరాల చీటీని బిడ్డతోనే పంపండి. పాథాలజీ విభాగాధిపతి గారు ముందు వరుసలోనే ఉన్నారు. వారానికి ఎన్ని మాయలు చూడగలరో వారు ఇక్కడే చెబితే, ఆ లెక్కకు తగ్గట్టు డబ్బాలు తెప్పిస్తాం.