చెవి గొప్పదా, తెర గొప్పదా: సోనార్ గదిలో పాత తగాదా

(జలాంతర్గాముల్లో సోనార్ పని చేసిన ఇద్దరి మాటలు; అనంతపురంలో రికార్డు చేసిన పాడ్‌కాస్ట్ లిఖిత ప్రతి)

తమ్ముడు: శ్రోతలందరికీ నమస్కారం. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూసి వచ్చిన గుంతకల్లు శ్రోత ఒకరు, వెనుక వరుస తోసుకు రావడంతో సోనార్ గది ముందు, అంటే నీళ్ళలో చప్పుళ్ళు విని ఓడలను కనిపెట్టే గది ముందు, నిలబడలేకపోయామనీ, అక్కడ ఏం చూడాలో మమ్మల్నే చెప్పమనీ అడిగారు. ఈ రోజు విషయం అదే. అన్నా, దయచేసి రొయ్యల జోలికి పోకుండా మొదలుపెట్టండి.

అన్న: రొయ్యలు లేని సోనార్ గది ఎక్కడుంది తమ్ముడూ? సరే, ముందు కురుసుర సంగతి చెబుతాను. అది 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నావికాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించుకుని, మరుసటి ఏడాది ప్రదర్శనశాల అయింది. 91 మీటర్ల పొడవున్న ఆ పడవలో సోనార్ వాళ్ళకు దక్కిన చోటు ఎంత ఇరుకో చూసినవాళ్ళకు తెలుసు. ఆ గదికి కిటికీ లేదు, పెరిస్కోప్ లేదు. బయటి ప్రపంచమంతా హెడ్‌ఫోన్ తీగ గుండానే లోపలికి రావాలి. చూడవలసింది అంతే.

తమ్ముడు: అంతేనా? ఆ డయళ్ళు, పరికరాల మాట చెప్పరా?

అన్న: పరికరం కన్నా చెవి ముఖ్యమని ఎన్నిసార్లు చెప్పాలి?

తమ్ముడు: ఇక మొదలైంది. శ్రోతలు మంచినీళ్ళు తెచ్చుకుని కూర్చోవచ్చు.

అన్న: నవ్వుకో. దూరాన పోయే ఓడ ప్రొపెల్లర్ చప్పుడు దబదబమని వినిపిస్తుంది కదా. నాలుగు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 120 చుట్లు తిరిగితే ఆ కొట్టుడు నిమిషానికి 480, అంటే సెకనుకు ఎనిమిది. అంత వేగంగా ఎవడూ లెక్కపెట్టలేడు. అయితే నాలుగు రెక్కలూ అచ్చం ఒకేలా ఉండవు, ఏదో ఒకటి కాస్త గట్టిగా కొడుతుంది. ఆ గట్టి దెబ్బను పట్టుకుని, చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని లెక్కపెడితే ఇరుసు ఎన్ని చుట్లు తిరుగుతోందో తేలుతుంది, దాన్నిబట్టి ఓడ వేగం అంచనాకు వస్తుంది. ఒక చెవికి హెడ్‌ఫోన్ తగిలించి, రెండో చెవిని కంట్రోల్ గది మాటకు వదిలి, చెమటకు రబ్బరు మెత్త చెంపకు అంటుకుపోతూ ఉంటే కూర్చుని లెక్కపెట్టినవాడికే ఆ పని విలువ తెలుస్తుంది.

తమ్ముడు: కాదని ఎవరన్నారు? కానీ అదే వాచ్‌లో, అంటే డ్యూటీ వంతులో, నాలుగో గంటకు ఆ చెవి ఏం వింటుందో కూడా చెప్పండి. నేను సింధుఘోష్ తరగతి పడవల్లో, కొచ్చిలోని నావికా పరిశోధనశాల ఎన్‌పీఓఎల్ రూపొందించిన ఉషుస్ సోనార్ ముందు కూర్చున్నవాణ్ణి. తెర మీద అడ్డంగా దిక్కులు, నిలువుగా కాలం ఉంటాయి. దూరాన ఓడ ఒకటి కదులుతూ ఉంటే ఏటవాలుగా ఒక గీత దిగుతూ వస్తుంది. అది ఎంత సన్నగా మొదలవుతుందంటే, ఆ చప్పుడు వట్టి చెవికి అందడానికి చాలా ముందే గీత కనిపిస్తుంది. చెవికి జ్ఞాపకం లేదన్నా, తెరకు ఉంది.

అన్న: గీత నెమ్మదిగా వస్తుందని నువ్వే ఒప్పుకున్నావు. ఎదుటి పడవలో ఎవరో ఒక పానా కింద పడేశారనుకో, ఒక కవాటం ఠంగున మూశారనుకో, ఆ చప్పుడు క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. అప్పుడు నీ గీత ఎక్కడుంటుంది? రొయ్యల మధ్య నుంచి దాన్ని ఏరి పట్టేది చెవే.

తమ్ముడు: వచ్చాయి రొయ్యలు.

అన్న: రాక తప్పదు. లోతు తక్కువైన వెచ్చని సముద్రంలో, అడుగున ఉండే ఒక రకం చిన్న రొయ్య తన పెద్ద కొండిని టక్కున మూసినప్పుడల్లా ఒక బుడగ పుట్టి పగులుతుంది. అలాంటివి లెక్కలేనన్ని కలిసిన చోట, ఇసుకలో శెనక్కాయలు వేయిస్తున్న బాణలి పక్కన నిలబడినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు పరికరం చెడిపోయిందని రిపోర్టు రాసేవారు.

తమ్ముడు: ఇంకొక మాట అడుగుతాను. డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకునేటప్పుడు మీ చెవి ఏం చేసేది? కురుసుర లాంటి, మూడు ప్రొపెల్లర్ల ఫాక్స్‌ట్రాట్ తరగతి పడవ మీది.

అన్న: ఆ సమయంలో మేము చెవిటివాళ్ళమే, దాచేదేముంది? సొంత చప్పుడే అన్నిటినీ మింగేస్తుంది. అందుకే సోనార్ వాడు ఎప్పుడూ వేగం తగ్గించమనే అడుగుతాడు. కానీ నీళ్ళ పైన తిరిగే ఓడ నెమ్మదిగా పోతే బాగా వినవచ్చు గానీ, శత్రు జలాంతర్గామికి సులువుగా గురి అవుతుంది.

తమ్ముడు: ఖుక్రీ.

అన్న: ఆ, మన నావికాదళం ఓడ. 1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూ దాపున. పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ విసిరిన టార్పెడోకు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడను వదలలేదు. శిక్షణలో మాకు ఆ రాత్రి గురించి చెప్పినప్పుడు తరగతిలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు. ఖుక్రీ జలాంతర్గాములను వేటాడే ఫ్రిగేట్ రకం యుద్ధనౌక, దానికీ సోనార్ ఉంది. అయినా నీళ్ళ కింద ఉన్నవాడే ముందు విన్నాడు.

తమ్ముడు: విన్నాడంటే, అందులో నీళ్ళ పాత్ర కూడా ఉంటుందన్నా. ఎండకు పైనీళ్ళు వేడెక్కితే అక్కడ శబ్దం వేగం పెరుగుతుంది, అప్పుడు శబ్దం చల్లని నీటి వైపు, అంటే కిందికి వంగిపోతుంది. పొద్దున స్పష్టంగా పట్టుబడిన జలాంతర్గామి మధ్యాహ్నానికి పైనున్న ఓడ సోనార్‌కు అందకుండా పోతుంది. మేము ముందు బీటీ కొలతలు, అంటే లోతును బట్టి నీటి వేడి కొలతలు తీసి, వేడి గబాలున తగ్గే పొర ఏ లోతున ఉందో చూసుకుని, దాని కిందికి దిగేవాళ్ళం. బంగాళాఖాతంలో దీనికి తోడు, వానాకాలం తరువాత గంగ, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్ళతో పైపొర ఉప్పదనం తగ్గి లెక్క ఇంకా మారిపోతుంది.

అన్న: పెన్నను వదిలేశావు.

తమ్ముడు: పెన్నలో నీళ్ళుంటే కదా.

అన్న: నెల్లూరు దాకా పోయే నదిని అనంతపురంలో కూర్చుని అవమానిస్తావా? ఫోన్లు వస్తాయి చూడు.

తమ్ముడు: రానివ్వండి. అసలు విషయానికి వస్తే, వినడం వల్ల దొరికేది దిక్కు మాత్రమే, దూరం కాదు. మన పడవ దారి మార్చి, ఆ దిక్కు ఎంత వేగంగా మారుతోందో గీసుకుంటేనే దూరం తేలుతుంది. ఆ గీత గీయడానికి తెర ఉన్నవాడికీ, చెవి ఒక్కటే ఉన్నవాడికీ తేడా లేదంటారా?

అన్న: మేము కాగితం మీద గీశాం, తెర లేకుండానే.

తమ్ముడు: గీశారు, కాదనను. ఎంతసేపు పట్టేది?

అన్న: పింగ్ కొట్టి, అంటే మనమే చప్పుడు పంపి దాని ప్రతిధ్వని విని, దూరం కనుక్కోవచ్చు గదా అని మాత్రం అడగకు.

తమ్ముడు: నేను అది అడగలేదు, ఎంతసేపు పట్టేదని అడిగాను.

అన్న: రొయ్యలు ఉన్న చోటా, లేని చోటా?

తమ్ముడు: అన్నా, కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది.

అన్న: మంచిదే, ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. చెబుతాను విను, లోతు తక్కువైన చోట అయితే ముందు

(రికార్డింగు ఇక్కడ ఆగింది.)