ఒకే దేశం, ఒకే చందా: ఆ దేశంలో ఎవరెవరున్నారు?

నమస్కారం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, అంటే పరిశోధన పత్రాలను ప్రచురించే పత్రికలు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోని సుమారు 1.8 కోట్ల మంది వాటిని చదువుకోవచ్చు.

మంచిని మంచే అనాలి. ఏడాదికి 2,000 కోట్లను 1.8 కోట్ల మందికి పంచి చూడండి, తలకు 1,100 రూపాయల పైచిలుకు. ఒక్క పరిశోధన పత్రాన్ని విడిగా కొనబోతే చాలా జర్నళ్లు 30 డాలర్లకు పైనే అడుగుతాయి. నిన్నటిదాకా ఐఐటీ విద్యార్థికి మాత్రమే దొరికిన జర్నల్ ఈరోజు మారుమూల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనూ తెరుచుకుంటోంది. ఇది చిన్న విషయం కాదు.

మరి పక్క వీధిలోని ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థి సంగతేమిటి? సొంత క్లినిక్ నడుపుకునే వైద్యుడు? ఆరోగ్య వార్తలు రాసే విలేకరి? వీళ్లెవరూ ఆ లెక్కలో లేరు. తమాషా ఏమిటంటే, 2020 చివర్లో వచ్చిన జాతీయ సైన్స్ విధానం ముసాయిదా ఇదే ఆలోచనను దేశంలోని ప్రతి వ్యక్తి కోసం ప్రతిపాదించింది. మంత్రివర్గం దాకా వచ్చేసరికి వ్యక్తులు పోయి సంస్థలు మిగిలాయి.

అయినా నా అసలు అభ్యంతరం అది కాదు. చందా ఎంత పెద్దదైనా అద్దె లాంటిదే, కట్టడం ఆపిన రోజు తాళం పడుతుంది. పైగా మనం అద్దె కడుతున్నది కొంతవరకు మన ఇంటికే! ప్రయోగశాలకు డబ్బు ప్రజలది, శాస్త్రవేత్త జీతం ప్రజలది. ఆయన పత్రం రాసి, హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చేస్తాడు. దాన్ని పరిశీలించే తోటి శాస్త్రవేత్తలకు పైసా ముట్టదు. చివరకు ఆ పత్రాన్నే మనం కొనుక్కుంటాం.

దీనికి విరుగుడు మన చేతిలో లేక కాదు. పీహెచ్‌డీ గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. ఫలితం శోధ్‌గంగ. లక్షల సిద్ధాంత గ్రంథాలు అందులో ఉన్నాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, మీరు ఏ సంస్థవారని అడిగేవారు లేరు. ఒక నిబంధన, ఒక సర్వరు, అంతే!

2014లో బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక శాఖలు కలిసి పత్రాలకూ ఇలాంటి విధానమే తెచ్చాయి. తమ నిధులతో చేసిన పరిశోధన ఏదైనా, జర్నల్ ఆమోదం పొందిన ప్రతిని సంస్థ రిపాజిటరీలో, అంటే దాని ఆన్‌లైన్ భాండారంలో, అందరికీ అందుబాటులో పెట్టాలి. పెట్టకపోతే? గట్టిగా అడిగేవారు లేరు. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌కూ ఇలాంటి నిబంధనే ఉంది. దాని మాట ఎందుకు చెల్లిందంటే, పెట్టనివారికి తర్వాతి విడత నిధులు ఆపడం మొదలుపెట్టింది కాబట్టి. ప్రచురించాక ఏడాది దాకా ఆగవచ్చన్న గడువు కూడా ఇప్పుడు అక్కడ పోయింది. 2025 జులై 1 నుంచి ఆమోదం పొందే పత్రాలు ప్రచురణ రోజునే తెరిచి ఉండాలి. ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. కనీసం సగం ప్రభుత్వ నిధులతో సాగిన పరిశోధనైతే, సైన్స్ పత్రాన్ని 6 నెలలకు, సామాజిక శాస్త్రాల పత్రాన్ని 12 నెలలకు బయట పెట్టే హక్కును 2016 చట్టం రచయితకే ఇచ్చింది. ప్రచురణకర్తతో ఒప్పందం ఏం చెప్పినా సరే.

ఓపెన్ యాక్సెస్ (అందరికీ ఉచితంగా చదివే వీలు) పేరుతో మరో గోతిలో పడకూడదు సుమా. పాఠకుడికి ఉచితమంటూ రచయిత దగ్గర వసూలు చేసే పద్ధతి ఉంది. ప్రసిద్ధ సైన్స్ జర్నల్ నేచర్ 2020లో ప్రకటించిన రుసుము పత్రానికి 9,500 యూరోలు! అది మన విశ్వవిద్యాలయాలు మోసే బరువేనా? బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన జర్నళ్లను సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతోంది. అలాంటి జర్నళ్లకు ఇచ్చే సొమ్ము వృథా కాదు.

ఈ 6,000 కోట్ల పథకం 2027 వరకే. మళ్లీ బేరానికి కూర్చున్నప్పుడు ధర ఒక్కటే మాట్లాడితే చాలదు. భారతీయ రచయితల ఆమోదిత ప్రతి ప్రచురణ రోజునే అందరికీ తెరిచి ఉండాలన్న షరతు ఒప్పందంలోనే రాయించాలి. అంత డబ్బు కట్టే కొనుగోలుదారుకు ఆ మాత్రం అడిగే బలం తప్పకుండా ఉంటుంది.