తూము దగ్గరి మనిషి

అందరికీ నమస్కారం.

వికేంద్రీకరణ, అంటే అధికారాన్ని కింది స్థాయికి పంచడం, అనగానే చాలామందికి చట్టాలు, కమిటీలు గుర్తొస్తాయి. నాకు మా ఊరి నీరటి తాత గుర్తొస్తాడు.

చెరువు తూము ఎప్పుడు తియ్యాలి, ఏ మడికి ముందు నీళ్ళు పారాలి అన్నీ ఆయనే చూసేవాడు. గట్టి వాన పడిన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. ఎక్కడైనా బుంగ పడిందని కేకేస్తే ఊరంతా తట్టా పారా పట్టుకుని వచ్చేది. కోతలయ్యాక రైతులు కల్లంలోనే ఆయన వాటా గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. పొలాలు ఎండితే ఆయన గాదె కూడా ఖాళీయే. అంత జాగ్రత్త అందుకే.

కాకతీయుల కాలం నుంచి మన నేల మీద గొలుసుకట్టు చెరువులున్నాయి. ఒకటి నిండి అలుగు పోస్తే ఆ నీళ్ళు కిందిదానికి చేరతాయి. ఏ ఊరి చెరువు ఆ ఊరిదే, కానీ అన్నీ ఒకదానికొకటి ముడిపడినవే.

పెద్దవి వద్దని నేననను. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అది ఒక్క బస్తీ చేయగల పని కాదు. కానీ గల్లీలో మ్యాన్‌హోల్ మూత?

పోయిన వానాకాలం మా గల్లీలో మూత విరిగింది. స్కూలు పిల్లలు నడిచే దారి. కర్రకి ఎర్ర గుడ్డ కట్టి అందులో నిలబెట్టాం. ఫిర్యాదు చేస్తే రెండో రోజే 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. మూత రాలేదు. వాన పడ్డ ప్రతి సాయంత్రం తల్లులకి ఒకటే టెన్షన్. పదకొండో రోజు వచ్చిన ఇంజనీరు నిజంగా మంచి మనిషి. "మూత కొనాలన్నా ఫైలు పైకి వెళ్ళాలండీ" అన్నాడు. పని ఆయనకి అప్పగించారు, డబ్బు మాత్రం అప్పగించలేదు. దీన్ని వికేంద్రీకరణ అని నేను ఒప్పుకోను.

సేవ మన దగ్గరికొస్తే ఎంత తేడానో బస్తీల్లో పెట్టిన చిన్న సర్కారు ఆసుపత్రులు, అదే బస్తీ దవాఖానాలే చూపించాయి. జ్వరమొస్తే గాంధీ ఆసుపత్రి దాకా వెళ్ళి లైన్లో నిలబడక్కర్లేదు.

1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. మన వార్డు కమిటీ ప్రతి నెలా కూర్చోవాలని, చిన్న రిపేర్లకి దాని చేతిలో కొంత డబ్బుండాలని, ఖర్చు లెక్క కిరాణా కొట్టు గోడకి అతికించాలని మనం అడగాలి.

అడిగేముందు మన నాలా సంగతి మనకి తెలియాలి. ఎక్కడ మొదలై, ఎక్కడ ఇరుకై, ఏ చెరువులో కలుస్తుందో వెంట నడిచి చూద్దాం. ఆదివారం పొద్దున ఆరింటికి వాటర్ ట్యాంకు దగ్గర కలుద్దాం. బూట్లు వేసుకుని రండి, దారంతా బురదే.