నవ్వు కోసం వదిలిన ఖాళీ

శ్రోతలకు నమస్కారం.

నవ్వించే ప్రేమకథలో చివరికి ఏమవుతుందో టికెట్ కొన్నప్పుడే తెలుసు. ఇద్దరూ ఒకటవుతారు. అయినా హాలు నిండుతుంది. ఇక్కడ సరదా అంతా వాళ్లు ఒకటవడంలో లేదు, ఒకటవకుండా ఎంతసేపు తప్పించుకు తిరుగుతారన్న దాంట్లో ఉంది. ఆ తిరుగుడు చూడ్డానికి సోఫా కన్నా సినిమా హాలే మేలు.

మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కన్నా నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త విద్యార్థుల చేత నవ్వుల చిట్టా రాయించి తేల్చారు. ఎదురుగా టీవీ లాంటిదేదీ లేనప్పటి లెక్క అది. ఈ సంగతి లెక్కల్లో కాకపోయినా అనుభవంలో సినిమా ఎడిటర్లకు ఎప్పుడో తెలుసు. డైలాగు పేలిన మరుక్షణమే ఇంకో ముఖ్యమైన మాట పెడితే, అది నవ్వులో కొట్టుకుపోతుంది. అందుకే అక్కడ మాటల్లేని ముక్క ఏదో వేస్తారు. ఒక తలుపు మూసుకుంటుంది, ఒక కనుబొమ్మ పైకి లేస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి రెండు సెకన్ల ఖాళీ అంటే 48 ఫ్రేములు. తగ్గితే తర్వాతి మాట వినపడదు. ఎక్కువైతే హాలంతా ఇబ్బందిగా కూర్చుంటుంది. 1935లో వచ్చిన ఒక సినిమా కోసం మార్క్స్ సోదరులనే అమెరికన్ హాస్యనటులు అందులోని హాస్య సన్నివేశాలను ముందుగా ఊరూరా స్టేజీ మీద ఆడి, జనం ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో చూసుకుని, ఆ తర్వాతే షూటింగుకు వెళ్లారు. ఇంట్లో ఒక్కరే చూస్తుంటే ‘ఇక్కడెందుకు సాగదీశారు’ అనిపించే చోట్లు కొన్ని ఇవే. ఆ ఖాళీ మీది కాదు, నాలుగొందల మందిది.

కాబట్టి జనం ఉండే ఆటకే వెళ్లండి. సీటు వరసకు నడిమధ్యన, తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండొంతులు దాటాక చూసుకోండి. తెర నిండా కంటికి ఆనని సన్న రంధ్రాలుంటాయి. మాటలు ఎక్కువగా వాటి వెనకున్న నడిమి స్పీకరులోంచే వస్తాయి. పక్క గోడకు ఆనుకుని కూర్చుంటే గోడ మీది స్పీకరు చెవిలో హోరెత్తి, గొణిగిన మాట తప్పిపోతుంది. ఈ సినిమాల్లో సగం సొగసు గొణుగుడులోనే ఉంది మరి. మొదటి వరస అసలొద్దు. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు, మాట్లాడేవాళ్ల కన్నా వింటూ నవ్వు ఆపుకునేవాళ్ల ముఖంలోనే జోకు ఉంటుంది. తల అటూ ఇటూ తిప్పేలోపు అది కాస్తా అయిపోతుంది.

మొదటి పది నిమిషాలు పోగొట్టుకోకండి. తొలి గొడవ, మారిపోయిన గొడుగు, తప్పుగా చెప్పిన పేరు... ఇవన్నీ చివర్లో తిరిగొస్తాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు పక్కవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియదు.

సబ్‌టైటిల్స్ ఉన్న సినిమాలో ఒక చిక్కుంది. నటుడు మాట పూర్తి చేసేలోపే అక్షరాలు చదివేసి జనం ముందే నవ్వేస్తారు. వీలైతే ఆ భాష తెలియకపోయినా ముఖం మీదే చూపు నిలిపి, అక్షరాలను ఓరగా చదవండి. ఇక పక్క సీట్లో కూర్చుని తర్వాతి డైలాగు ముందే చెప్పేసే మహానుభావుడికి మందు లేదు. సీటు మారడమే.

ఖాళీ ఎలా పనిచేస్తుందో చూడాలంటే 1934 నాటి ‘ఇట్ హాపెండ్ వన్ నైట్’ ఉంది. చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, అయిదు ప్రధాన ఆస్కార్లూ దానికే వచ్చాయి. పెళ్లికాని ఇద్దరు వానరాత్రి ఒకే గదిలో తలదాచుకోవాలి. అతను రెండు మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీసి, దానికి జెరికో గోడ అని పేరు పెడతాడు. బైబిల్లో బాకాలు ఊదితే కూలిన గోడ అది. ఆ తర్వాత సినిమా పొడుగునా మన కళ్లు ఆ దుప్పటి చుట్టూనే తిరుగుతాయి. ఆఖర్న వాళ్లిద్దరూ కనిపించనే కనిపించరు. గది లోపల్నుంచి బొమ్మ బాకా వినిపిస్తుంది. దుప్పటి నేల మీద పడుతుంది.

మిగతాది హాలు నవ్వుకుంటుంది.