22 రోజుల లెక్క

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీ చదువుతూనే, తాము చదువుకున్న బడికి వెళ్లి పిల్లల జట్టుకు శిక్షణలో సాయపడే యువతీయువకులు మన ఊళ్లలో ఉన్నారు. వీరికి జీతం ఉండదు, చెప్పుకోదగిన హోదా కూడా ఉండదు. కానీ ఒక్క వ్యాయామ ఉపాధ్యాయుడే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అన్నీ చూసుకోవలసి వచ్చే బడుల్లో సాధన క్రమం తప్పకుండా సాగడానికి వీరే ఆధారం. నేను బి.ఎస్సీ. చదివిన మూడేళ్లూ మా ఊరి ఉన్నత పాఠశాలలో బాలికల కబడ్డీ జట్టుకు అలాగే సాయపడ్డాను. చదువూ శిక్షణా ఎక్కడ ఒరుసుకుంటాయో, ఆ ఒరిపిడి ఎలా తగ్గుతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదట హాజరు సంగతి. మా కళాశాలలో సెమిస్టరుకు సుమారు 90 పనిదినాలు, వాటిలో 75 శాతం హాజరు తప్పనిసరి. అంటే 68 రోజులు తరగతిలో ఉండి తీరాలి, మిగిలేవి 22 రోజులు. జ్వరాలు, పెళ్లిళ్లు, బస్సు తప్పిపోయిన ఉదయాలు అన్నీ ఆ 22 లోనే సర్దుకోవాలి. ఇంత చిన్న లెక్క మూడో సెమిస్టరు ముగిసేదాకా నాకు తట్టలేదు. మా ఊరికి మధ్యాహ్నం రెండున్నరకు ఒక బస్సు, అది దాటితే మళ్లీ ఐదింటికే. సాధన వేళకు చేరుకోవాలని వారానికి మూడు నాలుగుసార్లు రెండున్నర బస్సే ఎక్కేదాన్ని. పోయేది ఒక పూట హాజరే కదా అనుకున్నాను. సెమిస్టరు చివర నోటీసు బోర్డు మీద హాజరు చాలని వారి జాబితాలో నా నంబరు కనిపించింది. హాజరు లోటును మన్నించడానికి తీసుకునే కండొనేషన్ రుసుము కట్టి పరీక్షలు రాశాను కానీ, భౌతికశాస్త్రం పాఠాలు ఎక్కువగా ఆ మధ్యాహ్నాలలోనే జరిగినందువల్ల ఆ పేపరు పోయింది.

ఆ సెలవుల్లో వ్యాయామ ఉపాధ్యాయుని దగ్గర కూర్చుని రెండు విషయాలు తేల్చుకున్నాను. ఆ 22 రోజులను పోటీలకే గాని సాధనకు వాడకూడదన్నది ఒకటి. వారానికి మూడు ఉదయాలు మాత్రమే, ఆరింటి నుంచి ఏడున్నర వరకు వస్తానన్నది రెండోది. ఉదయాన్ని ఎంచుకోవడానికి నా బస్సు ఒక్కటే కారణం కాదు. నవంబరులో మన వైపు సాయంత్రం ఐదున్నర దాటగానే చీకటి పడుతుంది. బడి విడిచిన తరువాత మిగిలే గంటన్నరలో మైదానం ఊడ్చి, సున్నంతో గీతలు వేసేసరికే అరగంట పోతుంది. ఆడపిల్లలు చీకటిలో ఇల్లు చేరితే మరుసటి రోజు తల్లులు వారిని పంపరు. అక్క దగ్గరుండి దింపుతుందన్న నమ్మకం మీదనే ఆ జట్టు నిలిచింది. ఆ నమ్మకం పోగొట్టుకుంటే మళ్లీ సంపాదించడం చాలా కష్టం.

మూడు ఉదయాలకు కుదించుకోగానే, నేను రాని రోజుల్లో సాధన ఏమవుతుందన్న ప్రశ్న వచ్చింది. అసలు మెలకువంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. శిక్షకురాలు రాకపోతే ఆగిపోయే జట్టును తయారుచేసినవారు, ఆ జట్టుకూ తమ చదువుకూ ఒకేసారి అన్యాయం చేసినట్లే. నేను ఒక నోటుపుస్తకం కొని జట్టు నాయకురాలికి ఇచ్చాను. ఆమె తొమ్మిదో తరగతి విద్యార్థిని. రాని రోజున చేయవలసినవి ముందుగానే అందులో రాసేదాన్ని. ఒళ్లు వేడెక్కించే వ్యాయామం ఎంతసేపు, రైడుకు, అంటే ఎదుటి జట్టు వైపు కూతకు, ఎవరు వెళ్లాలి, గొలుసు పట్టులో ఎవరి చేయి ఎవరు పట్టుకోవాలి, ఇవన్నీ ఉండేవి. జరిగినది ఆమె కింద రాసేది.

హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసి, భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడై, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిపెట్టినవారు. తన ఆటగాళ్లకు రెండు కాళ్లూ సమానంగా వాడడం అలవాటు చేయించేవారని చదివి, ఆ ఆలోచనను మా పిల్లల మీద ప్రయోగించాను. మా రైడర్లు ఎప్పుడూ కుడి మూల నుంచే లోపలికి వెళ్లేవారు, ఎదుటి జట్టుకు అది ఇట్టే తెలిసిపోయేది. ఒక వారమంతా ఎడమ మూల నుంచే వెళ్లాలని పుస్తకంలో రాశాను. మొదటి రెండు రోజులు అడుగులు తడబడి, 30 సెకన్ల రైడులో సగం గడిచినా అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత దగ్గరకు చేరలేకపోయారు. నాలుగో రోజున ఒక పిల్ల ఎడమ నుంచి దూసుకుపోయి, వెనుకకు తిరుగుతూ కాలి బొటనవేలితో మూల రక్షకురాలిని తాకి వచ్చింది. ఆ ఉదయం నేను మైదానంలో లేను. ఆ సంగతి నాకు పుస్తకం చెప్పింది.

విశ్వవిద్యాలయం తరఫున ఆడే విద్యార్థికి ఆ రోజుల హాజరు ఇస్తారు. ఊరి బడి జట్టును మండల పోటీలకు తీసుకువెళ్లే విద్యార్థికి మా కళాశాలలో అటువంటి వెసులుబాటు లేదు. ప్రధానోపాధ్యాయుని లేఖ ఆధారంగా ఏడాదికి నాలుగైదు రోజులైనా లెక్కలోకి తీసుకుంటే బాగుండునని, ఈ ప్రసంగం వింటున్న అధ్యాపకులను వినయంగా కోరుతున్నాను. అటువంటి సౌకర్యం వచ్చేవరకు సెమిస్టరు మొదటి వారంలోనే పోటీల తేదీలను అధ్యాపకులకు చెప్పి ఉంచాలి. ప్రయోగశాల తరగతి ఒకటి తప్పిపోతుందని ముందే తెలిస్తే, మరో బ్యాచితో చేయడానికి మా అధ్యాపకులు ఎన్నడూ కాదనలేదు.

చివరి సంవత్సరంలో డివిజన్ స్థాయి పోటీ, నా ప్రాక్టికల్ పరీక్ష ఒకే రోజున పడ్డాయి. నేను పరీక్షకు వెళ్లాను. పిల్లలు వ్యాయామ ఉపాధ్యాయునితో వెళ్లి రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. మరునాడు ఉదయం నాయకురాలు నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. "రెండో సగంలో మనవాళ్లు ముగ్గురే మిగిలినప్పుడు తొందరపడి పట్టుకోబోయాం అక్కా. సోమవారం నుంచి ముగ్గురితోనే సాధన చేయిస్తాను" అని రాసి ఉంది. సోమవారం నేను వెళ్లే రోజు కాదు.

నమస్కారం.