రాబర్ట్స్ దొర పతకాలు, మద్రాసు పద్దు

యాంకర్: నమస్కారం. ఈవేళ ఫ్రెడరిక్ రాబర్ట్స్ గురించి. 1832లో కాన్పూర్‌లో పుట్టిన బ్రిటిష్ సైనికాధికారి. మేడమ్, ఆయనకు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఎలా వచ్చింది?

అధ్యాపకురాలు: 1858 జనవరి 2న, ఖుదాగంజ్ దగ్గర. ఇద్దరు తిరుగుబాటు సిపాయిలు జెండాతో పారిపోతుంటే గుర్రం మీద తరిమాడు. జెండా మోస్తున్నవాణ్ణి నరికి కర్ర లాక్కున్నాడు. ఈలోపు రెండోవాడు తుపాకి ఆయన ఒంటికి ఆనించి మీట నొక్కాడు. పేలలేదు.

మాజీ సుబేదార్: పేలి ఉంటే ఈ ప్రోగ్రాం ఉండేది కాదు! (నవ్వులు)

అధ్యాపకురాలు: ధైర్యం లేదని నేననను. కానీ ఆ రోజుల్లో ఢిల్లీ జనం సిపాయిలను ఏమని పిలిచేవారో తెలుసా? తిలంగాలు. కంపెనీ తొలినాళ్లలో దక్షిణాది నుంచి బెంగాల్ వెళ్లిన తెలుగు సిపాయిల వల్ల వచ్చిన పేరు. తర్వాత అవధ్ బ్రాహ్మణుడైనా సరే, ఎర్రకోటు తొడిగితే తిలంగాయే.

యాంకర్: అలాంటి పేరున్న తెలుగువాళ్ల మీద రాబర్ట్స్ అభిప్రాయం?

అధ్యాపకురాలు: 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి ఆయనే సేనాధిపతి. దగ్గరుండి చూసి, దక్షిణాదివాళ్లు గట్టి యుద్ధానికి పనికిరారని తేల్చేశాడు. సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లే వీరజాతులట. ఆ ఆలోచన బలపడేకొద్దీ తెలుగువాళ్లకు సైన్యంలో తలుపులు మూసుకుపోయాయి.

మాజీ సుబేదార్: నేను చేరిన కొత్తలో కూడా 'ఇడ్లీ సాంబార్' అని ఏడిపించేవాళ్లమ్మా. అయినా ఒక్కటి చెప్పాలి. ఆఫ్ఘన్ యుద్ధంలో, 1880 ఆగస్టులో కాబూల్ నుంచి కాందహార్‌కు పదివేల మందిని నడిపించాడు. 300 మైళ్ల పైనే, మూడు వారాల్లో. ఎండ, దుమ్ము, వెనక వేలమంది కూలీలు, మోత పశువులు. బరువు మోసుకుని నడిచినవాడికే తెలుస్తుంది ఆ బాధ.

అధ్యాపకురాలు: చివరి రోజుల్లో దొరగారికి జ్వరం. డోలీలో మోశారు. కాందహార్ దగ్గరపడ్డాకే మళ్లీ గుర్రమెక్కాడు. అన్నట్టు ఆయన గుర్రం వోనొలెల్‌కి కూడా విక్టోరియా రాణి పతకాలు ఇప్పించింది.

మాజీ సుబేదార్: డోలీ మోసినవాళ్లకో?

యాంకర్: (నవ్వుతూ) మీరిద్దరూ ఒక జట్టయిపోయారు! కాబూల్ ఉరిశిక్షల మాటేమిటి?

అధ్యాపకురాలు: 1879లో బ్రిటిష్ రాయబారిని చంపినందుకు పదుల మందిని ఉరితీయించాడు. లండన్‌లోనే విమర్శలొచ్చాయి.

మాజీ సుబేదార్: కొడుకును పోగొట్టుకున్న తండ్రి కూడా ఆయనే. 1899లో, దక్షిణాఫ్రికాలో. ఆ అబ్బాయికీ విక్టోరియా క్రాస్ ఇచ్చారు, చనిపోయాక. ఇక ఈయన 82 ఏళ్ల వయసులో, 1914 నవంబర్ చలిలో, ఫ్రాన్స్‌లో మన సైనికులను చూడటానికి వెళ్లి, న్యుమోనియాతో అక్కడే పోయాడు. అది కూడా లెక్కలో వేసుకోండమ్మా.

అధ్యాపకురాలు: వేసుకుంటాను సర్. మద్రాసు పద్దు మాత్రం కొట్టెయ్యను.

యాంకర్: లైన్లో ఒక కాలర్ ఉన్నారు. చెప్పండి సర్, టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గించి...