పాల లెక్క పక్కన పాస్‌వర్డ్

తమ్ముడు: నమస్కారం. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాం. మధ్యలో లారీ హారన్ వినిపిస్తే ఏమనుకోకండి, మా ఇల్లు కర్నూలు రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. ఈ రోజు మైకు ముందు మా పెద్దక్క కూర్చుంది. కంపెనీలకు వెళ్లి సమాచార భద్రత ఆడిట్ చేస్తుంది. అక్కా, ఇంట్లో మేమంతా నువ్వు కంప్యూటర్లు బాగుచేస్తావనే అనుకుంటాం.

అక్క: అమ్మ ఇప్పటికీ వాట్సాప్ తెరుచుకోకపోతే ఫోన్ నా చేతికే ఇస్తుంది. నిజానికి నేను వెళ్లిన చోట కంప్యూటర్ ముందు కూర్చునేది తక్కువరా. మనుషుల్ని అడగడమే ఎక్కువ.

తమ్ముడు: ఏం అడుగుతావు?

అక్క: చీమకుర్తి సంగతి చెప్తా విను. ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసు, పేరు వద్దు. గెలాక్సీ రాయి బయటి దేశాలకు పంపుతారు. అక్కడ రాయి కొనే పార్టీకి ఒక మెయిల్ వెళ్లింది. మా బ్యాంకు ఖాతా మారింది, ఈ ఇన్‌వాయిస్ డబ్బు కొత్త ఖాతాలో వేయండి అని. ఇన్‌వాయిస్ నంబరు సరిగ్గానే ఉంది, ఎన్ని బ్లాకులో సరిగ్గానే ఉంది, కింద ఓనరు పేరూ ఉంది. మెయిల్ అడ్రసులో మాత్రం ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాళ్లు డబ్బు వేసేశారు.

తమ్ముడు: ఎవడో పెద్ద హ్యాకరే అయ్యుంటాడు.

అక్క: అంత కష్టం ఎందుకు పడతాడు? ఆఫీసు గోడకు క్యాలెండర్ ఉంది. తేదీల గడుల్లో పాల లెక్క, లీటరు, లీటరున్నర అని. పక్కన ఖాళీలో మెయిల్ పాస్‌వర్డ్ రాసుంది. కంపెనీ పేరు, ఆ తర్వాత ఒకటి రెండు మూడు! నలుగురు అదే వాడతారు. ఆ నలుగురిలో అకౌంట్స్ చూసే అబ్బాయి మానేసి ఎనిమిది నెలలైనా పాస్‌వర్డ్ మారలేదు. అతనే చేశాడని నేననను, రుజువు లేదు. టీ తెచ్చేవాళ్లకు కూడా ఆ గోడ కనిపిస్తుంది కదా. మెయిల్ సెట్టింగులు తెరిస్తే అసలు విషయం బయటపడింది. ఇన్‌వాయిస్ అనే మాటున్న ప్రతి మెయిల్ కాపీ ఒక బయటి అడ్రసుకు వెళ్లేలా రూల్ పెట్టేశారు. అంటే ఎన్నాళ్ల నుంచో కూర్చుని చదువుతున్నారన్నమాట. సరైన బిల్లు కోసం కాచుకున్నారు.

తమ్ముడు: తప్పెవరిది మరి?

అక్క: నేనూ అదే అడిగా. ఓనరుగారేమో "మా కంప్యూటర్ కుర్రాడు చూసుకుంటాడు కదమ్మా" అన్నారు. ఆ కుర్రాడు "అతను మానేశాడని నాకెవరు చెప్పారు మేడం?" అన్నాడు. మేనేజరుగారు "జీతం ఆపడం వరకే నా పని" అన్నారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. డబ్బు పోయింది మాత్రం ఆ ముగ్గురి మధ్య సందులోంచే. గవర్నెన్స్ అంటే జనం పెద్ద మాట అనుకుంటారు గానీ, ఆ సందు మూయడమేరా అది. ఎవరు నిర్ణయించాలి, ఎవరు చేయాలి, చేశారో లేదో ఎవరు చూడాలి, తేడా వస్తే ఎవరు జవాబు చెప్పాలి.

తమ్ముడు: గోప్యత, సమగ్రత, లభ్యత అని మూడు మాటలు చెప్తారు కదా?

అక్క: పరీక్షలో రాయడానికి బాగుంటాయి. చూడకూడనివాళ్లు చూడకూడదు, మనకు తెలియకుండా లెక్క మారకూడదు, కావాల్సినప్పుడు చేతికి అందాలి, అంతే. మనవాళ్లు మొదటిదాని గురించే టెన్షన్ పడతారు. మూడోది పోతే ఏమవుతుందో 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్‌లో చూశాం. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, దాని దెబ్బకు సర్వర్లు ఆగిపోయి, రోజుల తరబడి అన్నీ చేత్తో రాసుకున్నారు. ఆ మధ్య నెల్లూరు వైపు ఒక రొయ్యల మేత వ్యాపారి బ్యాకప్ ఉందమ్మా అని గర్వంగా హార్డ్ డిస్క్ చూపించాడు. అది రాత్రీ పగలూ అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంది! మారు తాళంచెవి కూడా అదే గుత్తికి వేసినట్టు. దానిలోంచి ఒక్క ఫైలైనా ఎప్పుడైనా వెనక్కి తీసి చూశారా అంటే నవ్వాడు.

తమ్ముడు: చట్టం ఏమంటుంది?

అక్క: 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్, అంటే సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఆదేశాలు ఇచ్చింది. వాళ్లు చెప్పిన రకం సైబర్ దాడి జరిగితే, తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. డేటా కాపాడే ఏర్పాట్లు సరిగా చేయకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. ఇక సమాచార భద్రతకు ఐఎస్ఓ 27001 అని అంతర్జాతీయ ప్రమాణం, దాని సర్టిఫికెట్ ఉందిగా, రిసెప్షన్‌లో ఫ్రేమ్ కట్టి పెట్టుకుంటారు, దానికి కొంతమంది అగరుబత్తీ వెలిగించడం ఒక్కటే తక్కువ. ఆ ప్రమాణం 2022 ఎడిషన్‌లో 93 నియంత్రణలు, అంటే తీసుకోవాల్సిన జాగ్రత్తలు, ఉన్నాయి. వాటిలో టెక్నాలజీవి 34 మాత్రమే. 37 సంస్థను నడిపే పద్ధతి గురించి, మిగతావి మనుషులూ తలుపులూ తాళాల గురించి. సగానికి పైగా టెక్నాలజీ కానే కాని పనిని ఒక్క కంప్యూటర్ కుర్రాడి నెత్తిన ఎలా పెడతాం?

తమ్ముడు: చీమకుర్తి వాళ్లు ఏం చేశారు చివరికి?

అక్క: పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం కొనలేదు. ఎవరి మెయిల్ వాళ్లకు ఇచ్చారు, లాగిన్ అయితే ఫోన్‌కు ఓటీపీ వచ్చేలా పెట్టారు. ఎవరైనా మానేస్తే మేనేజరు అదే రోజు కుర్రాడికి కాగితం ఇవ్వాలి, అది చూసి ఓనరు సంతకం పెట్టాలి. కొనే పార్టీలకు కూడా చెప్పారు, ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే నమ్మొద్దు, మీ దగ్గరున్న పాత నంబరుకే ఫోన్ చేయండి అని. ఓనరుగారు మొదట్లో సంతకం అంటే విసుక్కున్నారు. నేను పెట్టకపోతే ఏమవుతుందమ్మా అని అడిగారు. ఏం కాదండీ, మళ్లీ డబ్బు పోతే సందులోంచి పోయిందని అనడానికి ఉండదు, మీ చేతిలోంచే పోతుంది అన్నా.

తమ్ముడు: పెట్టారా?

అక్క: మొన్న వెళితే ఫైల్లో రెండు కాగితాలున్నాయి, రెండింటి మీదా సంతకం ఉంది. గోడకు కొత్త క్యాలెండర్ వచ్చింది. దాని మీద పాల లెక్క ఒక్కటే ఉంది.